మౌంటెన్ స్నోమొబైల్‌కి వెడల్పాటి స్కీలు వేయిస్తే సరిపోతుందా?

అమెరికాలోని కొలరాడో కొండల్లో తాజా మంచు మీద స్నోమొబైల్ (ముందు రెండు స్కీ పలకలు, వెనక తిరిగే బెల్టుతో మంచు మీద నడిచే మోటారు బండి) ముందు భాగం దిగబడిపోతోందని, 8 అంగుళాల వెడల్పు స్కీలు కొనాలా అని అడిగారు. కొనొచ్చు, కానీ వెడల్పు ఒక్కటే చూసి కొనకండి.

వెడల్పాటి స్కీ మెత్తటి మంచులో బాగా తేలుతుంది. అయితే కొండవాలుకి అడ్డంగా బండిని వంచి నడిపేటప్పుడు పట్టు కోసం మనం నమ్ముకునేది పైవాలు వైపు స్కీ అంచునీ, దాని అడుగున పొడవునా గట్టులా ఉండే కీల్‌నీ. స్కీ అడుగు మరీ చదునుగా ఉంటే బండి కిందికి జారుతుంది. కీల్ మరీ లోతైతే గట్టిపడిన దారిలో హ్యాండిల్ బరువెక్కి, గంటలో భుజాలు పట్టేస్తాయి. నా మాటైతే 7 అంగుళాల చిల్లర వెడల్పు, మధ్యస్థమైన లోతున్న కీల్ తీసుకోండి. ముందు కొన పైకి బాగా వంగి ఉండాలి.

కీల్ కింద బిగించే కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) కడ్డీ పనికొచ్చేది ఐసు మీద, గట్టి దారుల్లో. పౌడర్‌లోనే, అంటే మెత్తటి తాజా మంచులోనే తిరిగేవారికి పొట్టిది చాలు.

స్కీని బండికి బిగించే మౌంటింగ్ కిట్ మీ బండి మోడల్‌కీ, సంవత్సరానికీ సరిపోయేదే కొనండి, స్కీ మధ్యలోని రబ్బరు దిమ్మతో సహా.

డబ్బు పెట్టేముందు ఒక్కసారి వెనక సస్పెన్షన్‌లోని లిమిటర్ స్ట్రాప్ (సస్పెన్షన్ ముందు భాగం ఎంతవరకు కిందికి దిగాలో ఆపే పట్టీ) చూడండి. అది బిగుతుగా ఉంటే బరువు స్కీల మీద పడుతుంది. ఒక్క రంధ్రం వదులు చేసి నడిపి చూడండి.