పేరు నా ముద్దుపేరే, నోటీసు మాత్రం పెద్ద కాఫీ చైన్ నుంచి వచ్చింది, బోర్డు దించేయాలా?

ప్రశ్న: చిన్న కాఫీ షాప్ పెట్టి 14 నెలలైంది, ఆరు టేబుళ్లు, నాతో కలిపి ముగ్గురం పనిచేస్తాం. షాప్ పేరులో మొదటి సగం నా ముద్దుపేరు, రెండో సగం మాత్రం ఒక పెద్ద కాఫీ చైన్ పేరు చివరిలాగే వినిపిస్తుంది, సరదాగా పెట్టా. లోగో కూడా వాళ్లదిలాగే గుండ్రంగా, అదే రంగులో ఉంటుంది, ఫ్రెండ్ గీసిచ్చాడు. ఇప్పుడు 15 రోజుల్లో పేరు మార్చాలి, నష్టపరిహారం కట్టాలి అని వాళ్ల లాయర్ నోటీసు పంపాడు. లైసెన్స్ ఈ పేరు మీదే వచ్చింది కదా సార్, ఇంక వాళ్లకేం హక్కు? పట్టించుకోకుండా ఊరుకుంటే ఏమవుతుంది?

జవాబు: ముందు చివరి ప్రశ్నకి చెప్తా, ఎందుకంటే చాలామంది చేసేది అదే. ఊరుకుంటే వాళ్లు కోర్టుకి వెళ్లి, కేసు తేలేలోపు కూడా ఆ పేరు వాడొద్దని మధ్యంతర ఉత్తర్వు అడుగుతారు, అది వచ్చిందంటే బోర్డు, కప్పులు, మెనూ అన్నీ ఒక్కసారిగా మార్చుకోవాలి, అప్పుడు బేరమాడడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. ఆ 15 రోజులు మామూలుగా చట్టం పెట్టిన గడువేమీ కాదు, వాళ్లు పెట్టుకున్నది. అయినా ఆ లోపే "నోటీసు అందింది, మా లాయర్‌తో మాట్లాడి జవాబిస్తాం, కొంచెం టైం ఇవ్వండి" అని రెండు ముక్కలు రాసి పంపండి. అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ రాయొద్దు, సారీ కూడా చెప్పొద్దు.

లైసెన్స్ సంగతి. షాప్ లైసెన్స్ గానీ కంపెనీ రిజిస్ట్రేషన్ గానీ మీరు వ్యాపారం చేసుకోవచ్చని చెప్పే కాగితాలండి, ఈ పేరు మీ సొత్తు అని కాదు. పేరు మీద హక్కు చూసేది ట్రేడ్‌మార్క్ చట్టం, దాని రిజిస్టర్ వేరు. అందులో వస్తువులని, సేవలని క్లాసులుగా విడదీస్తారు, ప్రపంచంలో చాలా దేశాలు ఒకే పట్టిక వాడతాయి, దాంట్లో కాఫీ పొడి, గింజలు 30వ క్లాస్, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే షాప్ 43వ క్లాస్. పెద్ద చైన్లు మామూలుగా రెండిట్లోనూ ఉంటాయి. లైసెన్స్ ఇచ్చే ఆఫీసు ఆ రిజిస్టర్ తిరగేసి ఇచ్చిందని అనుకోకండి.

ఇంక అసలు విషయం, మీ పేరు వాళ్ల పేరుకి "మరీ దగ్గర" అవునా కాదా. రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చరు. హడావుడిలో ఉన్న మామూలు కస్టమర్‌కి, ఆ చైన్ పేరు సగం సగం గుర్తున్నవాడికి, ఇది వాళ్ల షాపేనేమో లేక వాళ్లకి సంబంధించిందేమో అనిపిస్తుందా అని చూస్తారు. దానికి తోడు బాగా పేరున్న బ్రాండ్ అయితే చాలా దేశాల్లో కస్టమర్ పొరబడకపోయినా సరే, ఆ పేరు విలువ పల్చబడిపోతోంది అని కూడా కేసు వేయొచ్చు.

చిన్నవాళ్లు గెలిచిన కేసు ఉంది. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఒక కుటుంబం కాఫీ గింజలు బాగా మాడేలా వేయించి 'చార్‌బక్స్' అని అమ్మింది, స్టార్‌బక్స్ 2001లో కేసు వేసింది, 2013లో అప్పీల్ కోర్టు చిన్న కంపెనీ వైపే చెప్పింది. వినగానే మీకు ధైర్యం వస్తుంది, కానీ ఆ ప్యాకెట్ చూడండి, దానిమీద వాళ్ల సొంత కంపెనీ పేరు, సొంత బొమ్మ స్పష్టంగా ఉన్నాయి, స్టార్‌బక్స్ లోగోని ఎక్కడా తలపించదు. పైగా 12 ఏళ్లు పట్టింది, ఆరు టేబుళ్ల షాప్ అన్నేళ్లు లాయర్ ఫీజు మోయగలదా మీరే చెప్పండి (నా వృత్తికి నష్టమైనా నిజం నిజమే). ఇదే అమెరికాలో ఒరెగాన్‌లో 'శామ్‌బక్స్' అని పెట్టినావిడ అది తన సొంత పేరు నుంచే పుట్టిందన్నా 2005లో కోర్టు ఒప్పుకోలేదు. ఢిల్లీలో 'సర్దార్‌బక్ష్' అని పెట్టినవాళ్లు 2018లో హైకోర్టు దాకా వెళ్లాక పేరు 'సర్దార్‌జీ-బక్ష్' అని మార్చుకోవాల్సొచ్చింది, అక్కడ గొడవ పేరొక్కదానితో ఆగలేదు, గుండ్రటి లోగో మీద కూడా.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. మీ పేరొక్కటే అయితే కొంచెం వాదించొచ్చు, నిజాయితీగా సొంత పేరు వాడుకునేవాళ్లకి చాలా చట్టాలు కొంత వెసులుబాటు ఇస్తాయి, ముద్దుపేరుకి అది వర్తిస్తుందా అన్నది వేరే గొడవ అనుకోండి. కానీ వాళ్లదిలాంటి గుండ్రటి లోగో, అదే రంగు, పైగా చివర అదే శబ్దం, ఇవన్నీ కలిస్తే కోర్టుకి ఒకటే అర్థమవుతుంది, తెలిసే చేశారని. "సరదాగా పెట్టా" అని నాకు రాశారు చూడండి, ఆ మాట మీకు చాలా ప్రమాదం. సోషల్ మీడియాలో ఆ చైన్ పేరు తీసి జోకులు వేసి ఉంటే అవన్నీ వాళ్ల ఫైల్లో ఈపాటికే ఉంటాయి. భయపడి డిలీట్ చేయకండి, సాక్ష్యం మాయం చేశారన్న ఇంకో తలనొప్పి మొదలవుతుంది. కొత్తగా అలాంటివి పెట్టడం మాత్రం ఆపేయండి, నోటీసు ఫోటో పెట్టి జనం సానుభూతి అడగడం కూడా ఇప్పుడొద్దు.

లోగో మార్చే పని ఈ వారమే మొదలుపెట్టండి, అది ఎలాగూ నిలవదు. పేరు మీద బేరం ఆడండి. మామూలుగా వాళ్లకి కావాల్సింది మీ డబ్బు కాదు, ఆరు టేబుళ్ల షాప్ దగ్గర ఏముంటుందని, పేరు ఆగిపోవడమే కావాలి. కాబట్టి నష్టపరిహారం, ఖర్చులు వదిలేస్తే పేరు మారుస్తాం, ఉన్న కప్పులు అయిపోవడానికి, బోర్డు మార్చడానికి మూడు నెలలు ఇవ్వండి అని మీ లాయర్ ద్వారా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. వాళ్లు పంపే ఒప్పంద పత్రం మాత్రం ప్రతి లైనూ చదవండి, "ఇలాంటి ఏ పేరూ ఎప్పటికీ వాడను" అని ఉంటుంది, ఆ "ఇలాంటి" అంటే ఏంటో రాయించుకోకపోతే రేపు మీ ముద్దుపేరు కూడా వాడుకోలేరు. తప్పు ఒప్పుకుంటున్నా అనే లైన్ ఉంటే కొట్టేయించండి.

కొత్త పేరు పెట్టేటప్పుడు మంచి కాఫీ, వేడి కాఫీ లాంటివి వద్దు, అవి సరుకుని వర్ణించే మాటలు, మామూలుగా రిజిస్టర్ కావు. ముందు రిజిస్టర్లో వెతికించండి, తర్వాతే బోర్డు రాయించండి. ట్రేడ్‌మార్క్ అప్లికేషన్ మంజూరయ్యేదాకా పేరు పక్కన సున్నాలో ఆర్ గుర్తు (®, రిజిస్టర్ అయిందని చెప్పేది) పెట్టొద్దు, చాలా చోట్ల అది నేరం. ఇంకోటి, కొత్త లోగో కూడా ఆ ఫ్రెండే గీస్తే దాని హక్కులు మీకు రాసిచ్చినట్టు సంతకం తీసుకోండి, డబ్బులిచ్చినంత మాత్రాన బొమ్మ మీద కాపీరైట్ మీకు వచ్చేయదు, రేపు మీరిద్దరూ మాట్లాడుకోకపోతే నాకు ఇంకో ఉత్తరం రాయాల్సొస్తుంది.

ట్రేడ్‌మార్క్ రూల్స్ దేశాన్ని బట్టి మారతాయి, కొన్నిచోట్ల ముందు వాడినవాడిది హక్కు, కొన్నిచోట్ల ముందు రిజిస్టర్ చేసినవాడిది. అందుకే మీ ఊళ్లో ఈ కేసులే చూసే లాయర్‌ని ఈ రెండు రోజుల్లో కలవండి. వెళ్లేటప్పుడు నోటీసు, అది వచ్చిన కవర్ (దానిమీద తేదీ ఉంటుంది, పారేశారేమో వెతకండి), షాప్ తెరిచినప్పటి బిల్లులు, బోర్డు ఫోటో, ఒక కప్పు తీసుకెళ్లండి.