ఆన్‌లైన్ ఎంబీఏ కోసం గొలుసు తాకట్టు పెట్టాలా?

చీమకుర్తి నుంచి ఒక తమ్ముడు రాశాడు. బీకాం చదివాడు, వయసు 29, గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఆరేళ్లుగా ఎగుమతి కాగితాలు చూస్తున్నాడు, జీతం 24 వేలు. ఆన్‌లైన్ ఎంబీఏ చేద్దామంటే రెండేళ్లకు ఫీజు 1,60,000 అట. 'అన్నా, మా ఆవిడ నాలుగు సవర్ల గొలుసు బ్యాంకులో పెట్టి కట్టేయనా, కోర్సు వాళ్లు ఇస్తామంటున్న నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదనే నెలవారీ కిస్తీ) తీసుకోనా, అసలు ఈ డిగ్రీని కంపెనీలు లెక్కచేస్తాయా' అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, గొలుసు బీరువాలోనే ఉండనీ. ముందు ఆ చివరి ప్రశ్న తేల్చుకుందాం.

రూలు ప్రకారం ఇబ్బంది లేదు. యూజీసీ అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమని 2020 నిబంధనల్లోనే ఉంది, 2022లో మళ్లీ చెప్పారు కూడా. కానీ ప్రైవేటు కంపెనీ తనకు నచ్చిన షరతు పెట్టుకుంటుంది, ప్రకటనలో 'ఫుల్‌టైమ్ ఎంబీఏ' అని రాశారంటే నీ అప్లికేషన్ మనిషి కంటపడకముందే పక్కకు పోతుంది. ఫ్రెషర్లను తీసుకునే చోట ఈ పట్టింపు ఎక్కువ.

నీ సంగతి వేరు, నీ దగ్గర ఆరేళ్ల పని ఉంది. నెల్లూరులో సరుకు రవాణా కంపెనీకి మనుషుల్ని తీసుకునే నా స్నేహితుడొకడు ఎంబీఏ ఎక్కడ చేశావని తర్వాత అడుగుతాడు, ముందు షిప్పింగ్ బిల్లు నువ్వే వేశావా, కంటైనర్ పోర్టులో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేశావు అంటాడు. డిగ్రీ పనికొచ్చేది మేనేజర్ పోస్టుకు పీజీ తప్పనిసరి అని రాసిపెట్టుకున్న చోట.

కాబట్టి ఈ వారం ఒక పని చెయ్యి. నువ్వు కోరుకునే పోస్టుకు ఒంగోలు, కృష్ణపట్నం, చెన్నైలో వచ్చిన ప్రకటనలు ఓ పది తీసి, ఎన్నింట్లో ఎంబీఏ అడిగారో, అందులో ఎన్నింట్లో ఫుల్‌టైమ్ అన్నారో రాసుకో. మీ ఓనర్‌ని కూడా అడుగు, ఎంబీఏ అయితే జీతం ఎంత పెంచుతారు సార్ అని. ఆయన నవ్వి ఊరుకుంటే అదీ జవాబే. నెలకు 3,000 పెరిగితే ఈ ఫీజు తిరిగి రావడానికి 53 నెలలు పైనే, 8,000 పెరిగితే 20 నెలలు. ఇంత తేడా ఉన్నప్పుడు కనుక్కోకుండా ఎలా దిగుతావు?

ఇక ఈఎంఐ. నో కాస్ట్ అన్నా అది నీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పే, చదువు మధ్యలో మానేసినా కిస్తీ ఆగదు, ఎగ్గొడితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోనుకు వెళ్తే అక్కడ బయటపడుతుంది. లక్షా అరవై వేలు 24 నెలలకు పంచితే నెలకు 6,667. సెమిస్టర్‌కు 40,000 చొప్పున కట్టాలన్నా, ఆరు నెలలకు పంచితే నెలకు అంతే పడుతుంది. అందుకే ఎక్కడా చేరకుండా ఓ ఆరు నెలలు ఆ డబ్బు నెలనెలా బ్యాంకు ఆర్డీలో (రికరింగ్ డిపాజిట్) వేసి చూడు. వేయలేకపోతే ఈఎంఐ కూడా కట్టలేవు, వేయగలిగితే మొదటి సెమిస్టర్ ఫీజు చేతిలో ఉన్నట్టే, గొలుసు జోలికే వెళ్లక్కర్లేదు.

చేరేముందు యూజీసీ డెబ్ (దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు చూసే విభాగం) వెబ్‌సైట్లో యూనివర్సిటీ పేరుతో పాటు నీ కోర్సు, నువ్వు చేరే సెషన్ కూడా ఉన్నాయో లేదో నువ్వే చూడు, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసే కౌన్సెలర్ మాట మీద వదిలేయొద్దు. ఎంబీఏ అని చెప్పి చివరికి ఉత్త సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు. దూరవిద్య నడిపే కేంద్ర విశ్వవిద్యాలయం ఇగ్నో కూడా ఒకసారి చూడు, 1985 నుంచి ఉంది, ఫీజు నీకు చెప్పినదానికన్నా బాగా తక్కువ, ఆ పేరు తెలియని హెచ్‌ఆర్ ఉండడు. పాఠాలు మాత్రం ఎవరూ వెంటపడి చదివించరు.

ఆ పది ప్రకటనల లెక్క నాకు పంపు, ఏ స్పెషలైజేషన్ తీసుకోవాలో అప్పుడు మాట్లాడదాం.