ముందు అమ్మాయికి ఫోన్ చేయండి

ప్రశ్న: మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగం చేస్తూ వేరే ఊళ్లో ఉంటోంది. రెండేళ్ల క్రితం వీగన్‌గా మారి మాంసం, గుడ్లే కాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా పూర్తిగా మానేసింది. పండుగ రాత్రి భోజనానికి మా అత్తమామలు, పెద్ద వదినగారి కుటుంబం, మరిది కుటుంబం ప్రతి ఏడాదీ మా ఇంటికే వస్తారు. పోయిన ఏడాది ఒక కూరలో జీడిపప్పు ముద్ద వేశానని అమ్మాయితో చెప్పి, పాల మీగడ కలిపాను. పిల్ల నీరసించిపోతోందన్న బెంగ ఒకటి, రెండు రకాలుగా వండితే వదినగారు ఏమంటారోనన్న భయం ఒకటి. ఆవిడ రుచి చూసి కనిపెట్టి, అందరి ముందూ నవ్వుతూ బయటపెట్టేశారు. అమ్మాయి ఒక్క మాట కూడా అనకుండా లేచి చేయి కడుక్కుంది. అప్పటినుంచి ఇంటికి వస్తే తన గిన్నెలో తానే వండుకుంటోంది. ఈసారి అందరి భోజనాలూ అయ్యాక వస్తానంటోంది. ఆ ఒక్క పూటకు పట్టుదల మానమని దానికి ఎలా నచ్చజెప్పాలి? అంతా వీగన్ వంటే చేయాల్సి వస్తే, పెద్దవాళ్లు నొచ్చుకోకుండా ఏం వండాలి?

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క మాటే. నచ్చజెప్పకండి. రెండేళ్లుగా నిష్ఠగా పాటిస్తున్న నియమాన్ని బంధువుల కోసం ఒక పూట పక్కన పెట్టమని అడిగితే, ఆ నియమాన్ని మీరు ఇప్పటికీ లెక్కలోకి తీసుకోలేదని ఆమెకు మరోసారి చెప్పినట్టవుతుంది. డాక్టరు వద్దన్నారని మీ మామగారు ఉప్పు మానేస్తే, ఆయనకు తెలియకుండా కూరలో ఉప్పు కలపాలన్న ఆలోచన మీకు కలలో కూడా రాదు. కూతురి విషయంలో మాత్రం ఎందుకు వచ్చిందో మీరు నిదానంగా ఆలోచించుకోవాలి. నాకు తోచిన కారణం, ఆమె మీ పిల్ల కావడమే. పెద్దవారి మాటకు ఇచ్చే విలువ మనం కన్న పిల్లల మాటకు ఇవ్వడం మన ఇళ్లలో ఇంకా అలవాటు కాలేదు. పిల్లలు పెరిగి, సంపాదించుకుంటూ, తమ బతుకు తాము బతుకుతున్నా వాళ్ల కంచం మన అధీనంలోనే ఉందనుకుంటాం.

మీ ఉత్తరం నిండా మీ వదినగారే ఉన్నారు. ఆవిడ ఏమంటారో, ఎలా నవ్వుతారో, ఈసారి ఏ వంక పెడతారో అన్న దిగులే ప్రతి వాక్యంలోనూ కనిపిస్తోంది. ఆవిడ అలా అందరిలో నవ్వి ఉండవలసింది కాదు, నిజమే. అయితే ఆవిడ చేసింది దాచిన సంగతిని బయటపెట్టడం మాత్రమే. దాచింది మీరు. ఆ రాత్రి ఆవిడ నోరు విప్పకపోయి ఉంటే, అమ్మాయి ఆ కూర తిని, బాగుందని మెచ్చుకుని వెళ్లిపోయేది. మీరు మరుసటి ఏడాది కూడా అదే పని చేసి ఉండేవారు కాదా? అందుచేత వదినగారిని కాసేపు పక్కన పెట్టండి. బాగుపడవలసింది మీకూ మీ అమ్మాయికీ మధ్య ఉన్న సంబంధం. అమ్మ చేతి వంట అనుమానం లేకుండా తినగలనన్న నమ్మకం ఆమెకు పోయింది. ఇల్లు విడిచి ఎక్కడో ఉంటున్న పిల్లకు ఆ నమ్మకం చాలా పెద్ద ఆస్తి. ఆమె అలిగి వేరే గిన్నె పెట్టుకుందని మీరు అనుకుంటున్నారు. నేనైతే ఆమె ఇంకా మీ ఇంటికి వస్తోందని, మీ వంటింట్లోనే నిలబడి వండుకుంటోందని గమనిస్తున్నాను. ఆమె మీ నుంచి దూరం జరగాలనుకుంటే ఈసారి పండుగకు రానని చెప్పేది, భోజనాలయ్యాక వస్తాననేది కాదు.

నీరసం గురించి మీ బెంగను తీసిపారేయను. వీగన్ ఆహారంలో నిజంగా జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. విటమిన్ బి12 మొక్కల నుంచి వచ్చే ఆహారంలో నమ్మదగినంతగా దొరకదు. మాత్ర రూపంలోనో, ఆ విటమిన్ కలిపి తయారుచేసిన ఆహారం ద్వారానో తప్పనిసరిగా తీసుకోవాలి. శరీరంలో నిల్వ ఉన్నది అయిపోయేసరికి ఏళ్లు పట్టవచ్చు కాబట్టి లోపం వెంటనే తెలియదు. తెలిసేసరికి రక్తహీనత, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కడం వంటివి మొదలవుతాయి. ఇనుము, కాల్షియం, విటమిన్ డి, అయొడిన్ సంగతి కూడా చూసుకోవాలి. ఇవన్నీ సరిచూసుకుంటే వయసు వచ్చినవారు ఈ ఆహారంతో ఆరోగ్యంగా ఉండవచ్చు. ఈ బెంగకు మందు ఆమెను అడగడమే. "బి12 వేసుకుంటున్నావా, రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు?" అని అడగండి. అది తల్లి అడగవలసిన ప్రశ్న. ఆమెకు తెలియకుండా కూరలో కలిపిన గరిటెడు మీగడ ఆమె ఆరోగ్యానికి చేసిన మేలు ఏమీ లేదు, మీ మనసుకు ఆ పూటకు కాస్త ఊరట ఇచ్చిందంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ పాల తగవు మీ ఇంట్లో పుట్టింది కాదు. 1944లో బ్రిటన్‌లో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీని స్థాపించింది ఈ పాల విషయంలోనే. మాంసం మానినవారిలోనే పాలు తాగేవారికీ తాగనివారికీ పొత్తు కుదరక వారు వేరుపడ్డారు. ఈని పాలిచ్చే పశువు నుంచి దూడను వేరు చేయడం డెయిరీలలో మామూలుగా జరిగే పని అని తెలిసిన తరువాత కొందరికి పాల గ్లాసు ఎత్తబుద్ధి కాదు. మీ అమ్మాయి ఆలోచనతో మీరు ఏకీభవించనక్కరలేదు. నేను కూడా మిమ్మల్ని వీగన్ కమ్మని చెప్పడం లేదు. అది ఎవరినో చూసి పట్టిన వెర్రి కాదనీ, ఎనభై ఏళ్లుగా మనుషులు మనస్సాక్షితో ఆలోచించి పాటిస్తున్న నియమమనీ గుర్తిస్తే చాలు.

ఇక చేయవలసినది. పండుగ దాకా ఆగకండి, ఈ వారంలోనే అమ్మాయికి ఫోన్ చేయండి. "నీకు చెప్పినది ఒకటి, వేసినది ఒకటి. అది నా తప్పు. ఇకమీదట నీ కంచంలో ఏముందో నేను ఎప్పుడూ నిజమే చెబుతాను" అని చెప్పండి. అక్కడితో ఆపేయండి. "నీ మేలు కోరే చేశాను" అన్న మాట మాత్రం అనకండి, ఆ ఒక్క మాటతో ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. ఆమె ఏడ్చినా, విసుక్కున్నా, ఏమీ మాట్లాడకపోయినా వినండి. వదినగారి పేరు మీ నోట రానివ్వకండి. ఆ తరువాత, అదే రోజు కాకపోయినా సరే, ఈసారి పండుగ భోజనం మొత్తం ఆమె తినగలిగేలా చేయాలనుకుంటున్నానని, వచ్చి మీతో కలిసి వండమని అడగండి. రమ్మని బతిమాలడం వేరు, పనిలో చేయి కలపమని అడగడం వేరు. రెండోదానిలో ఆమెకు గౌరవం ఉంది.

భోజనం మొత్తం ఎందుకు మార్చాలని మీరు అడగవచ్చు. ఆమెకొక్కదానికి వేరే రెండు వంటకాలు చేసి పక్కన పెడితే సరిపోదా అంటే, కడుపుకు సరిపోతుంది గానీ, అందరూ విందు తింటుంటే ఆమె ఒక్కతే రోగి పథ్యం తింటున్నట్టు ఉంటుంది. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పెట్టేవన్నీ పాలు, గుడ్లు, తేనె లేకుండా వండండి. పెరుగో నెయ్యో లేనిదే ముద్ద దిగనివారికి వేరే చిన్న గిన్నెలో, వేరే గరిటెతో పెట్టి, ఎవరి కంచంలో వారు వేసుకోమనండి. అప్పుడు పెద్దవారెవరికీ ఏదీ తక్కువ కాదు, అమ్మాయికి ఏ గిన్నె గురించీ అడిగే అవసరం రాదు.

వంట సంగతి మీరు భయపడినంత కష్టం కాదు. పాల పదార్థాలు ఇచ్చేది ముఖ్యంగా కమ్మదనం, చిక్కదనం. ఆ రెండూ వేరే దారిలో తేవచ్చు. పోయిన ఏడాది అబద్ధంగా చెప్పిన జీడిపప్పు ముద్దనే ఈసారి నిజంగా వేయండి. వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, చేతి వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలనంత మెత్తగా రుబ్బి, చివర్లో కలిపి సన్నని మంట మీద కాసేపు ఉంచితే మీగడ లేని లోటు తెలియదు. కాకపోతే, వచ్చేవారిలో ఎవరికైనా జీడిపప్పు, వేరుశనగ, సోయా పడవేమో ముందుగానే కనుక్కోండి. కొబ్బరి పాలైతే చిక్కటివి చివర పోయండి, తెర్లనిస్తే విరిగినట్టవుతాయి. ఉల్లిపాయలు తొందరపడకుండా ఎర్రగా వేయించడం, పుట్టగొడుగుల్లో నీరంతా ఇగిరి అంచులు వేగేవరకు ఓపిక పట్టడం, చివర కాస్త పులుపు తగిలించడం వంటివి చేస్తే రుచి దానంతటదే నిండుగా వస్తుంది. గుడ్డు వేసి చేసే కేకు వంటిది ఏదైనా ఉంటే, ఒక్కో గుడ్డుకు బదులు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీళ్లలో కలిపి, చిక్కబడ్డాక వాడండి. అన్నిటికంటే ముఖ్యంగా, విందుకు నడుమ నిండుగా కనిపించే వంటకం ఒకటి ఉండాలి. పప్పో, శనగలో, సోయానో ఆధారంగా చేసినది అయితే మంచిది. పక్క వంటకాలే పది ఉండి అసలుది లేకపోతే పెద్దవారికి ఏదో వెలితిగా ఉంటుంది. దానిని పండుగకు ముందే ఒకసారి చేసి చూసుకోండి.

కొని తెచ్చేవాటి దగ్గరే పొరపాట్లు జరుగుతాయి. బిస్కెట్లలో, నల్లటి చాక్లెట్లలో సైతం పాల పొడి గానీ పాల కొవ్వు గానీ ఉండవచ్చు. వెన్నకు బదులు వాడే మార్జరీన్లలో కొన్నింట్లో వే పొడి, అంటే పాల విరుగుడు నీటి పొడి ఉంటుంది. పాలు లేనివని చెప్పి అమ్మే కాఫీ క్రీమర్లలో కూడా కొన్నింట్లో పాల నుంచి తీసిన కేసిన్ ఉంటుంది. జెల్లీ మిఠాయిల్లో వాడే జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కొన్నింటికి ఎర్రరంగు ఇచ్చే కార్మైన్ పురుగుల నుంచి వచ్చేది. పొట్లం వెనుక ముద్రించిన పదార్థాల జాబితా చదవండి, సందేహం ఉంటే ఫొటో తీసి అమ్మాయికి పంపి అడగండి. ఇలా అడగడం మీ మధ్య మాటలు కలవడానికి కూడా పనికొస్తుంది.

అమ్మాయికి చెప్పవలసిన మాట కూడా ఒకటుంది, అది మీరే చెప్పాలి. ఆ రాత్రి బల్ల దగ్గర దూడల గురించి, డెయిరీల గురించి తాతయ్యకూ నాయనమ్మకూ పాఠాలు వద్దు. తినే ముద్ద చేతిలో ఉండగా పెద్దవారిని తప్పు చేసినవారిలా కూర్చోబెట్టడం మర్యాద కాదు. ఎవరైనా అడిగితే రెండు మాటల్లో చెప్పవచ్చు. ఆమె నియమాన్ని ఇల్లంతా గౌరవించిన రోజున, వారి వయసును ఆమె గౌరవించాలి. ఈ మాట మీరు ఆమెను క్షమాపణ అడిగిన తరువాతే చెప్పగలరు, అంతకుముందు చెప్పే అర్హత మీకు లేదు.

వదినగారి విషయానికి వస్తే, భోజనం వడ్డించే వేళ దాకా ఆగి ఆవిడను ఆశ్చర్యపరచకండి. రెండు మూడు రోజుల ముందే మీరే ఫోన్ చేసి, "వదినా, ఈసారి అమ్మాయి తినేలాగే అంతా వండుతున్నాం. మీకు పెరుగు, నెయ్యి వేరుగా పెడతాను" అని చెప్పండి. అనుమతి అడుగుతున్నట్టు కాదు, కబురు చెబుతున్నట్టు. ఆవిడ నవ్వితే నవ్వనివ్వండి. బల్ల దగ్గర మళ్లీ ఏదైనా అంటే, "నేను నా కూతురికి మాట ఇచ్చాను వదినా" అనండి. ఇన్నేళ్లలో ఆవిడకు ఎదురు చెప్పని మీరు ఆ ఒక్క మాట అందరి ముందూ అనగలిగితే, అమ్మాయికి ఏ వంటకమూ ఇవ్వలేని ధైర్యం అది ఇస్తుంది. మీ ఉత్తరంలో మీవారి ప్రస్తావనే లేదు. కనీసం ఆ పూట ఆయనను మీ పక్కన నిలబడమని ముందుగానే చెప్పి ఉంచండి.

ఇంత చేసినా ఆమె ఈసారి భోజనాలయ్యాకే వస్తానంటే, సరేనని ఒప్పుకోండి. ఆమెను ఒప్పించమని బంధువులను పురమాయించకండి, మీ వారి చేత చెప్పించకండి. అనుకున్నట్టే అంతా వీగన్ వంటే వండండి, ఆమె రాదు కదా అని మీగడ డబ్బా తీయకండి. ఆమె వాటా అన్నీ వేరే గిన్నెల్లో తీసి మూత పెట్టి ఉంచండి. వచ్చాక ఏ గిన్నెలో ఏం వేశారో అడగకముందే చెప్పండి. తింటే తింటుంది, తినకపోతే ఆ రాత్రికి బలవంతం చేయకండి.