ఫోన్‌లో రొటీన్లు పెట్టుకునే అబ్బాయి చెడిపోవట్లేదు, కానీ ఆ 38 వేలు కట్టకండి

తణుకు నుంచి ఒక అమ్మ రాశారు. కుదించి చెబుతాను. కొడుకు బీటెక్ ఈఈఈ మొదటి సంవత్సరం. ఎప్పుడు చూసినా చేతిలో ఫోనే, కానీ ఆటలు కాదు. మాక్రోడ్రాయిడ్ అనే యాప్‌లో ఏవో రొటీన్లు పెట్టుకుంటాడు. కాలేజీ వైఫై తగలగానే ఫోన్ సైలెంట్ అయిపోతుంది, ఛార్జింగ్ 80 శాతానికి రాగానే "ఇక తీసెయ్" అని అరుస్తుంది, రాత్రి తొమ్మిది దాటాక ఇన్‌స్టా తెరిస్తే వెంటనే హోమ్ స్క్రీన్‌కి తోసేస్తుంది. ఇప్పుడు ఆరు వారాల "ఏఐ ఆటోమేషన్" ఆన్‌లైన్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజు 38,000, అందులో రెండు వేలు అడ్వాన్స్ కట్టేశారు కూడా. వాళ్ల నాన్న మాత్రం ఇవన్నీ మానేసి సీఎస్ఈకి మారమంటున్నారు. ఆ కోర్సా, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవడమా, బ్రాంచి మార్పా, ఏది మంచిదో చెప్పమని అడిగారు. చివర్లో ఇంకో మాట రాశారు: "కాలేజీకి చేరగానే నాకు 'చేరానమ్మా' అని మెసేజ్ వస్తుంది. అది కూడా వాడు పెట్టట్లేదట సార్, ఫోనే పంపుతుందట."

అమ్మా, కోర్సు సంగతి తర్వాత, ముందు ఈ మెసేజ్ సంగతి చూద్దాం. మీ అసలు బాధ అక్కడుందని ఉత్తరం చదివితేనే తెలిసిపోతోంది. ఆ యాప్‌ని డబ్బు కట్టకుండా వాడితే ఐదు రొటీన్లకు మించి పెట్టుకోనివ్వదు. అంటే మీవాడు ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని ఆలోచించుకుని ఐదు ఎంచుకున్నాడు, ఆ ఐదింట్లో ఒకటి మీకోసం పెట్టాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు అమ్మ కంగారుపడుతుందని గుర్తుపెట్టుకుని అంత పని చేస్తే దాన్ని నిర్లక్ష్యం అనుకుంటున్నారు మీరు.

ఒకరోజు ఆ మెసేజ్ రాకపోతే మీరు ఏకంగా కాలేజీ ఆఫీసుకే ఫోన్ చేశారని రాశారు. జరిగింది బహుశా ఇది: మన దగ్గర అమ్ముడయ్యే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ మిగలడానికి వెనకాల నడుస్తున్న యాప్‌లను చెప్పాపెట్టకుండా ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆటోస్టార్ట్ (తనంతట తానే మొదలయ్యే అనుమతి) ఇచ్చి, బ్యాటరీ ఆంక్షలు తీసేస్తే తప్ప రొటీన్లు నమ్మకంగా పనిచెయ్యవు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక మీవాడు ఏం చేశాడో అడిగారా? ఎందుకు ఆగిందో వెతికాడా, లేక "అప్పుడప్పుడూ అంతే" అని వదిలేశాడా? కెరీర్ గురించి నాకు పనికొచ్చే సమాచారం అదొక్కటే, ఉత్తరంలో అదే లేదు. రొటీన్ పెట్టడం ఎవరైనా చేస్తారు, సామ్‌సంగ్ ఫోన్లలో మోడ్స్ అండ్ రొటీన్స్ అని, ఐఫోన్‌లో షార్ట్‌కట్స్ అని కంపెనీలే ఇచ్చేస్తున్నాయి. పనిచెయ్యనప్పుడు కారణం పట్టుకునేదాకా నిద్రపోనివాడే ఇంజినీర్ అవుతాడు.

ఇక కోర్సు. ఈ "ఏఐ ఆటోమేషన్ ఏజెన్సీ పెట్టు, నెలకు లక్ష" అనే మాట మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. కొన్నేళ్ల క్రితం అమీర్‌పేటలో ఎటు చూసినా ఆర్‌పీఏ బోర్డులే, అంటే కంప్యూటర్ మీద రోజూ చేసే పనుల్ని సాఫ్ట్‌వేర్‌తో చేయించడం. దానికి వాడే యూఐపాత్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలు ఉద్యోగం అన్నారు, పిల్లలు వేలకు వేలు పోశారు, అదే యూఐపాత్ కంపెనీ తన ఆన్‌లైన్ అకాడమీలో ఆ పాఠాలు ఉచితంగా పెట్టిన సంగతి చాలామందికి చేరిన తర్వాత తెలిసింది. ఇప్పుడు బోర్డు మీద పేరు మారింది, ఎన్8ఎన్, మేక్, జాపియర్ అంటున్నారు, స్క్రీన్ మీద డబ్బాలు కలిపి ఒక యాప్‌ని ఇంకో యాప్‌కి తగిలించే టూల్స్. ఇవి చెడ్డ టూల్స్ కావు. కంపెనీల్లో నిజంగానే వాడతారు. అయితే ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి గీత లాగడం నేర్చుకోవడానికి రెండు వారాంతాలు చాలు. ఎవరైనా డబ్బిచ్చేది ఆ గీతకు కాదు, అవతలి వ్యాపారం ఎలా నడుస్తుందో అర్థం చేసుకున్నందుకు. ఇంకా ఒక్క ఆఫీసు గుమ్మం ఎక్కని కుర్రాడికి ఏ క్లయింట్ దొరుకుతాడు చెప్పండి? ఆ కోర్సు అమ్మేవాళ్లకు దొరికిన క్లయింట్లు మీరే.

ఇలాంటి కోర్సులు అమ్మే వెబినార్లలో షార్ట్‌కట్స్ కథ కూడా చెబుతుంటారు. ఐఫోన్‌లోని ఆ యాప్‌ మొదటి పేరు వర్క్‌ఫ్లో, 2014లో ఇరవై ఏళ్లు అటూఇటూ ఉన్న కుర్రాళ్లు తయారుచేశారు, 2017లో యాపిల్ కొనేసింది, మరుసటేడు షార్ట్‌కట్స్ అని పేరు మార్చి ఐఫోన్లకు ఇచ్చింది. అంతా నిజమే. వాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి కోడ్ రాస్తున్నవాళ్లన్న ముక్క మాత్రం చెప్పరు.

మీవారి ఆలోచన కూడా నాకు నచ్చలేదు. ఈఈఈలో ఉన్నవాణ్ని సీఎస్ఈకి ఎందుకు తోస్తున్నారు, పక్కింటి అబ్బాయి అందులో ఉన్నాడనా? మీవాడు ఫోన్‌లో చేస్తున్నది "ఇది జరిగితే అది చెయ్యి, ఫలానా షరతు ఉంటే మాత్రం వద్దు" అని రాసుకోవడం. సరిగ్గా ఇదే పనిని ఫ్యాక్టరీల్లో పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్) అనే పరికరం చేస్తుంది. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ గోడల నిండా ఉన్న రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) బోర్డులతో విసిగిపోయి, వాటి బదులు ఇంకేదైనా కావాలని అడిగితే పుట్టిందది. ట్యాంకులో నీళ్లు పై మట్టానికి వస్తే మోటారు ఆపు, కింది మట్టానికి దిగితే మళ్లీ వెయ్యి, మోటారు వేడెక్కితే మాత్రం నీళ్లు ఎక్కడున్నా సరే ఆపేసి అలారం మోగించు. దీన్ని నిచ్చెనలా గీసిన బొమ్మలో రాస్తారు, లాడర్ లాజిక్ అంటారు. చక్కెర, సిమెంట్, ఫార్మా, ఎక్కడికెళ్లినా ఉంటుంది. తణుకులో ఉండి ఆంధ్రా షుగర్స్ పక్కనుంచి వెళ్లనివాళ్లు ఎవరున్నారు? అలాంటి చోట ఎలక్ట్రికల్ ఇంజినీరుకి ఇది రోజువారీ పని. పీఎల్‌సీ ప్రోగ్రాములు రాసే కోడెసిస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఇంట్లో కంప్యూటర్ మీదే సిమ్యులేషన్ చేసి చూసుకోవచ్చు. ఆ నీళ్ల ట్యాంకు ఉదాహరణ వాడితోనే చేయించండి, నచ్చితే వాడే ముందుకెళ్తాడు.

పైథాన్ కూడా కావాలి, అది ఏ బ్రాంచికైనా కావాలి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ చెప్పిన పాఠాలున్నాయి, వినడానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. నిజానికి కోర్సా, పైథానా, బ్రాంచి మార్పా అని మూడూ పక్కపక్కన పెట్టి పోల్చమన్నారు మీరు. పోల్చడానికి అందులో పెద్దగా ఏమీ లేదమ్మా, రెండోది చాలు. మొదటి సంవత్సరం కుర్రాడికి టైముంది, మీకే టెన్షన్ ఎక్కువ.

రెండు విషయాల్లో మిమ్మల్ని కోప్పడక తప్పదు. ఒకటి, వాడికి తెలియకుండా వాడి లొకేషన్, మెసేజ్‌లు మీ ఫోన్‌కి వచ్చేలా రొటీన్ పెట్టించుకోవచ్చా అని అడిగారు. వద్దు. తెలివైన కుర్రాడు, రెండు రోజుల్లో కనిపెడతాడు, ఆ తర్వాత వాడే ఇచ్చిన ఆ "చేరానమ్మా" కూడా పోతుంది.

రెండోది ఇంకా సీరియస్. షాపులో డబ్బు పడగానే బ్యాంకు ఎస్సెమ్మెస్ బయటికి చదివేలా మీవారి ఫోన్‌లో కూడా ఒకటి పెట్టాడని గర్వంగా రాశారు. అంటే ఆ యాప్‌కి మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చినట్టే. ఓటీపీలు వచ్చేది కూడా అక్కడికే కదా! ఇప్పటి మోసాల్లో చాలావాటికి దారి ఇదే, ఏదో ఏపీకే (యాప్ ఫైల్) పంపిస్తారు, అది ఎస్సెమ్మెస్ అనుమతి, యాక్సెసిబిలిటీ (స్క్రీన్ మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కే) అనుమతి అడుగుతుంది, అలవాటు పడిన వేలు "అలౌ" నొక్కేస్తుంది. మీవాడు పెట్టిన యాప్ మంచిదే కావచ్చు, కానీ బ్యాంకు యాప్, యూపీఐ ఉన్న ఫోన్‌లో అలాంటి అనుమతులు ఇవ్వడం మీవారికి అలవాటు చెయ్యకండి. ఈరోజే తీయించండి, యూపీఐ డబ్బు పడిందో లేదో చెప్పడానికి సౌండ్‌బాక్స్ పెట్టించుకోండి, నెలకు కొద్దిపాటి అద్దెతో పోతుంది. ఎందుకు తీయాలో వాడికి కూర్చోబెట్టి చెప్పండి, ఏ అనుమతి ఎవరికివ్వాలి అన్నది కూడా వాడి చదువులో భాగమే.

అడ్వాన్స్ కట్టిన రెండు వేల మాట. ఫోన్‌లో బతిమాలొద్దు, వాళ్లు మాటల్లో పెట్టి మిగతా 36 వేలు కూడా కట్టించుకుంటారు. కోర్సు వద్దు, డబ్బు వెనక్కి ఇవ్వండి అని ఈమెయిల్ రాయండి, కట్టిన రసీదు, వాళ్లు వాట్సాప్‌లో పంపిన "నెలకు లక్ష" పోస్టర్ రెండూ దాచిపెట్టుకోండి. వారంలో జవాబు రాకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఈమెయిల్ వాడితోనే రాయించండి, మీవారు పక్కన కూర్చుంటే చాలు.