తుపాకీ కొనేముందు గొట్టాలు విప్పించు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. రాజోలు దగ్గర ఆ పాత ఇంట్లో తాతల నాటి ఇంగ్లీషు జోడుగొట్టాల తుపాకీ, పన్నెండు బోరు, లాకు (పేల్చే యంత్రం) పలకల మీద లతలు చెక్కడం, గొట్టాల మధ్య పట్టీ మీద కలకత్తా దుకాణం పేరు. చూడగానే మనసు పడిందని రాశావు. పడుతుందిరా, నాకూ పడింది ఒకప్పుడు. కానీ నువ్వు తీసిన ఫొటోలన్నీ చెక్కడాలవే. గొట్టాలు విప్పి అడుగుభాగం తీసినది ఒక్కటీ లేదు. తుపాకీ జాతకమంతా అక్కడే ఉంటుంది. అది చూసేదాకా ధర మాట ఎత్తకు.

పట్టీ మీద కలకత్తా పేరుందని బెంగపడకు. ఆ రోజుల్లో బర్మింగ్‌హామ్‌లో తయారైన తుపాకుల మీద ఇక్కడ అమ్మే కంపెనీలు తమ పేరు వేయించుకునేవి. మోసం ఇంకోచోట ఉంది. బెల్జియంలోని లీజ్ ఊళ్లో చవగ్గా చేసి, పేరున్న ఇంగ్లీషు కంపెనీని తలపించే పేరు వేసినవి చాలా ఉన్నాయి. వెస్ట్‌లీ రిచర్డ్స్ అనుకుని చూస్తే ఒట్టి డబ్ల్యూ. రిచర్డ్స్ అని ఉంటుంది. గొట్టాల అడుగున కోడిగుడ్డు ఆకారంలో ఇ, ఎల్, జి అక్షరాలు కనిపిస్తే అది లీజ్ సరుకే.

నా సంగతి చెబుతాను విను. 1986 వరదలో మునిగిన ఒక ఇంటి నుంచి, నాలుగేళ్ల తర్వాత ఒక జోడుగొట్టాలది కొన్నాను. పైకి అద్దంలా మెరుస్తోంది, కొత్తగా నల్లరంగు ఎక్కించారు. ఇంటికొచ్చి ముందువైపు కట్టె, అదే ఫోరెండ్, ఊడదీస్తే గుండె జారిపోయింది. కట్టె కప్పిన మేర అంతా ఆవగింజలంత గుంటలు. పట్టీ కింద చేరిన నీళ్లు అక్కడే ఉండిపోయి ఇనుమును తినేశాయి. వేలు పెట్టి రాస్తే గరుకు తగిలేది. దానితో ఒక్క తూటా కూడా పేల్చలేదు నేను. అందుకే చెబుతున్నా, వాళ్ల గడపలోనే ఫోరెండ్ తీయించు. మెరుపు ఎక్కువగా ఉంటే ఇంకా అనుమానించు. రంగు వేసేముందు గొట్టాన్ని గీకుతారు, దాంతో అక్షరాల అంచులు అరిగిపోతాయి. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేసి నెలల తరబడి నూనె చుక్క లేకుండా పడున్న తుపాకులకీ ఇదే గతి.

గొట్టాలు విడిగా వచ్చాక, కింది కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి వేలి కణుపుతో తట్టు. గుడిగంటలా మోత సాగితే పట్టీల అతుకు బాగుంది. పగిలిన కుండలా ‘టప్’మంటే ఎక్కడో అతుకు వదిలింది, మన ఉప్పుగాలికి ఆ సందు చాలు. తర్వాత గొట్టాన్ని కిటికీ వెలుగువైపు పెట్టి లోపలికి చూడు. నీడ వలయాలు నున్నగా, గుండ్రంగా ఉండాలి. ఎక్కడైనా వలయం వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. పొడవు కూడా కొలువు. ఆ కాలం తుపాకులు ఎక్కువగా 28 లేక 30 అంగుళాలు. 26కి దగ్గరగా ఉండి మూతుల దగ్గర రెండు గొట్టాల మధ్య ఖాళీ కనిపిస్తే ఎవరో కోశారు. కోస్తే చోక్, అంటే మూతి దగ్గరి ఇరుకు, పోతుంది, సగం విలువా పోతుంది.

ఇప్పుడు అడుగున ఉన్న ముద్రలు. బర్మింగ్‌హామ్‌లో గొట్టాల బలం పరీక్షించి ముద్ర వేసే శాల 1813లో చట్టం కింద వచ్చింది, లండన్‌ది అంతకంటే పాతది. 1904 తర్వాత బర్మింగ్‌హామ్‌వి కిరీటం కింద బి.పి., బి.వి. అని ఉంటాయి. నీకు కావలసింది ఎన్.పి. అనే ముద్ర. లండన్‌దైతే కత్తి పట్టిన చెయ్యి కింద అవే అక్షరాలు. ఇప్పటి తూటాల్లో ఉండే పొగలేని తుపాకీమందుతో పెట్టిన పరీక్షకు ఆ గొట్టం ఆగిందని దానర్థం. ఆ ముద్ర లేకపోతే, ముఖ్యంగా గొట్టాల మీద ఇనుము, ఉక్కు మెలేసి చేసిన, పట్టుచీర జరీలాంటి డమాస్కస్ మెలికలు కనిపిస్తే, అది పాత నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) కాలంది అనుకో. ఇప్పటి తూటా దాంట్లో పెట్టొద్దు. ముద్రల పక్కన లోపలి వెడల్పు చెప్పే అంకె కూడా చూడు. 13 కింద 1 ఉంటే పరీక్షనాటికి లోపలి వెడల్పు .719 అంగుళం. ఇప్పుడు కొలిస్తే .735 వచ్చిందనుకో, తుప్పు గీకడానికి లోపల తోడేశారన్నమాట. గోడ అంత పలచబడింది.

అన్నిటికంటే ముఖ్యమైంది, చాలామంది పోల్చుకోలేనిది తూటా కూర్చునే గది పొడవు. పాత ఇంగ్లీషు తుపాకుల్లో అది రెండున్నర అంగుళాలు, అంటే దాదాపు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70. ‘లోపలికి చక్కగా దిగింది కదా’ అంటారు. దిగుతుంది. మూతి మడిచిన తూటా పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడే ఆ మడత విచ్చుకుంటుంది, చోటు చాలక గొట్టం సన్నబడే దగ్గర అడ్డం పడుతుంది, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. పాత గొట్టం ఎన్నాళ్లు ఓర్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. నీ ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా అక్కడేరా అబ్బాయ్. కొలిపించి, తూటాల పెట్టె మీద పొడవు చూసి కొను.

గొట్టాలు తిరిగి తగిలించి, ఫోరెండ్ లేకుండా మూసి, మెడ దగ్గర పట్టుకుని కుదుపు. టకటకమంటే, లేక మూసిన చోట సందులోంచి వెలుతురు కనిపిస్తే కీలు అరిగింది. బాగుచేయొచ్చు, ఖర్చవుతుంది. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కకు, లోపల డమ్మీ తూటాలు పెట్టి చూడు. కట్టెకు లాకు కలిసే చోట నల్లగా మెత్తబడి ఉంటుంది. మన ఇళ్లల్లో కొబ్బరినూనె పులిమేస్తారు, అది చెక్కలోకి దిగి పగుళ్లు తెస్తుంది. గొట్టం, ట్రిగ్గర్ గార్డు, ఫోరెండ్ మూడింటి మీదా ఒకటే నంబరు ఉందో లేదో చూడు.

కాగితాల సంగతి. పాతదని లైసెన్సు అక్కర్లేదంటారు, నమ్మకు. పేల్చడానికి పనికొచ్చేదైతే కావలసిందే. వాళ్ల లైసెన్సులో రాసిన నంబరు తుపాకీ మీది నంబరుతో కలవాలి. అమ్మేవాళ్లు నీ పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు, నీకు ఒకటుంది కాబట్టి ఫరవాలేదు. తాతయ్య లంకల్లో బాతులు కొట్టిన రోజులు వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పోయాయి, ఇది గురి సాధనకూ ఆయన జ్ఞాపకానికే.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి రా, రావులపాలెంలో ఎక్కుతాను. దారం, కొలత టేపు, డమ్మీ తూటాలు నేను తెస్తాను. టార్చి నువ్వు తీసుకురా.

నీ మావయ్య