పొద్దున్నే మొండికేసే ఏటీవీ: కార్బ్యురేటర్ మళ్లీ విప్పే ముందు టాపెట్లు చూడండి

రాత్రంతా నిలబెట్టిన మీ ఏటీవీ (మట్టిదారుల్లో తిరిగే లావు టైర్ల బండి) పొద్దున్నే పది పదిహేనుసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదని, ఒకసారి వేడెక్కాక మాత్రం వెంటనే స్టార్ట్ అవుతోందని, కొత్త స్పార్క్ ప్లగ్ వేసి కార్బ్యురేటర్ రెండుసార్లు శుభ్రం చేసినా మార్పు లేదని రాశారు. ఇదే బాధ నేను ఒక చలికాలమంతా పడ్డాను. నాదీ సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్, కార్బ్యురేటర్ బండే. ప్లగ్, బ్యాటరీ అన్నీ మార్చాక అసలు కారణం దొరికింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండే అవకాశం రోజుకు ఒక్కసారే వస్తుంది. దాన్ని వృథా చేయకండి. రేపు పొద్దున నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ కాకపోతే అక్కడితో ఆపి, వెంటనే ప్లగ్ విప్పి చూడండి. పొడిగా ఉంటే పెట్రోల్ చేరడం లేదు. తడిగా ఉంటే పెట్రోల్ చేరుతోంది కానీ మండడం లేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే వెతకాల్సిన చోట్లు సగం తగ్గిపోతాయి.

పొడిగా ఉంటే ముందు చోక్ సంగతి చూడండి. ఇలాంటి బళ్లలో చాలావాటికి చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, అదనపు పెట్రోల్ లాగే ఒక చిన్న దారి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు ఇంజిన్ వైపు పుట్టే వాక్యూమ్ వల్లే ఆ దారిలో పెట్రోల్ వస్తుంది. స్టార్ట్ చేస్తూ థ్రాటిల్ నొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, చోక్ వేసినా వేయనట్టే. నాకు తెలియకుండానే బొటనవేలు థ్రాటిల్ మీదికి వెళ్లిపోయేది. చోక్ పూర్తిగా లాగి, వేలు తీసేసి ప్రయత్నించండి. తర్వాత పైలట్ జెట్, అంటే ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ పంపే సన్నటి గొట్టం. దాని రంధ్రం అర మిల్లీమీటర్ కూడా ఉండదు. క్లీనర్ స్ప్రే అవతలికి వచ్చినంత మాత్రాన శుభ్రమైనట్టు కాదు, వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి. కొన్ని కార్బ్యురేటర్లలో చోక్‌కు సంబంధించిన జెట్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్‌లోనే ఉంటుంది, కడిగేటప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తారు. నెలల తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోల్ అయితే మార్చేయండి. తేలిగ్గా ఆవిరయ్యే భాగమే ముందు పోతుంది, చల్లని ఇంజిన్‌కు కావలసింది ఆ భాగమే.

తడిగా ఉంటే స్పార్క్ చూడండి. ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహపు భాగం ఇంజిన్‌కు గట్టిగా ఆనేలా ఉంచి సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అక్కడినుంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది. అలాగే సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ వోల్టేజీ కొలవండి. నిండా చార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉంటుంది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10 కంటే బాగా కిందికి పడిపోతే మోటార్ తిరిగినా స్పార్క్ బలహీనపడవచ్చు. తాడు లాగితే స్టార్ట్ అయి, సెల్ఫ్‌తో కాకపోతే అనుమానం ముందు బ్యాటరీ మీదికే వెళ్లాలి.

నా బండికి ప్లగ్ తడిగా ఉంది, స్పార్క్ నీలంగా, గట్టిగా ఉంది, బ్యాటరీ కొత్తది. ఇక మిగిలింది కంప్రెషన్, అంటే పిస్టన్ గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి. కంప్రెషన్ అనగానే పిస్టన్ రింగులు పోయాయేమోనని టెన్షన్ పడ్డాను. కానీ రింగుల కంటే ముందు చూడాల్సింది టాపెట్లు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ మధ్య ఉండాల్సిన సన్నటి గ్యాప్. నేను ఇన్నాళ్లూ వాటిని ఎందుకు పట్టించుకోలేదంటే, ఇంజిన్ ఏమీ శబ్దం చేయడం లేదు. టాపెట్ లూజైతే టకటక వినిపిస్తుంది. బిగుసుకుపోతే ఏ శబ్దమూ ఉండదు, ఇంకా నిశ్శబ్దంగా నడుస్తుంది.

వాల్వు, అది కూర్చునే సీటు అరిగేకొద్దీ వాల్వు పైకి జరిగి గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు గట్టిగా మూసుకోదు. సెల్ఫ్ మీద ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కంప్రెషన్ లీకై పోవడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఒకసారి అందుకుని వేగంగా తిరగడం మొదలుపెట్టాక ఆ లీకు ప్రభావం తగ్గిపోతుంది. అందుకే రోజంతా బాగానే నడిచిన బండి మర్నాడు పొద్దున మళ్లీ ఏడిపిస్తుంది.

కొలిచేటప్పుడు ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. ప్లగ్ తీసేసి, టైమింగ్ రంధ్రంలో పిస్టన్ పైకొసకు వచ్చిందని చెప్పే టీ గుర్తు ఎదురుగా వచ్చేదాకా క్రాంక్ తిప్పండి. అది రెండు వాల్వులూ మూసి ఉండే కంప్రెషన్ స్ట్రోక్ అయి ఉండాలి. రెండు వాల్వుల దగ్గరా కొంచెమైనా ఆట, అంటే వదులు, తగలకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడండి. అప్పుడు కూడా ఆట లేకపోతే గ్యాప్ పోయినట్టే. నా బండి మాన్యువల్‌లో ఇన్‌టేక్‌కు 0.10 మిల్లీమీటర్లు అని ఉంది. 0.05 ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలుచటి రేకు) కూడా దూరలేదు. మీ బండికి ఎంత ఉండాలో దాని మాన్యువల్లోనే చూడండి, నా అంకె వాడకండి. నాది స్క్రూ, లాక్‌నట్ ఉన్న రకం, అరగంటలో పని అయిపోయింది. షిమ్‌లు (గ్యాప్ సరిచేసే చిన్న లోహపు బిళ్లలు) ఉన్న రకమైతే ముందు కొలిచి రాసుకుని, తర్వాత షిమ్ తెచ్చుకోవాలి.

మర్నాడు చోక్ లాగి, థ్రాటిల్ ముట్టుకోకుండా సెల్ఫ్ కొడితే రెండోసారికే అందుకుంది. ఆ రోజు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

ఆ పనిలోనే ఎయిర్ ఫిల్టర్ కూడా విప్పి చూడండి. నా ఫిల్టర్ అంచు సరిగ్గా కూర్చోక లోపలి పైపులో సన్నటి దుమ్ము పేరుకుంది. మట్టిదారుల్లో తిరిగే బండికి ఇన్‌టేక్ వాల్వు త్వరగా అరగడానికి ఆ దుమ్మే పెద్ద కారణం. టాపెట్లు సరిచేసిన కొద్ది గంటల నడకకే గ్యాప్ మళ్లీ పోతే మాత్రం అడ్జస్ట్ చేస్తూ కూర్చోవద్దు, వాల్వు ముఖం పాడైంది, హెడ్ విప్పక తప్పదు.

రేపు ప్లగ్ తడిగా వచ్చిందా పొడిగా వచ్చిందా, గ్యాప్ ఎంత ఉందో రాయండి. అక్కడినుంచి చూద్దాం.