సంతకం కత్తిరించకండి

చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి జపాన్ యానిమే (కార్టూన్) కథల మీద తెలుగులో వికీ, అంటే పదిమంది కలిసి రాసి దిద్దుకునే వెబ్‌సైటు, పెడుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. తణుకు పిల్లాడూ కాకినాడ అమ్మాయీ బొమ్మలు చూసుకుంటారట, భాష దిద్దే పని నీదట. మనింట్లో మళ్ళీ ఒకరు ప్రూఫులు దిద్దుతున్నారంటే ఎంత పొంగిపోయానో. భయం కూడా వేసింది. రాజమండ్రి ప్రెస్సుల్లో వయసంతా ప్రూఫులు చూసినవాణ్ణి, పదిమంది కలిసి రాసే చోట మనసులు ఎక్కడ విరుగుతాయో నాకు తెలుసు.

తేలికవి ముందు చెప్పేస్తాను. అడ్మిన్ పాస్‌వర్డు ఇద్దరి దగ్గరైనా ఉండాలి. రాసిందాన్ని ఎప్పటికప్పుడు కాపీ తీసి పెట్టుకోండి. పరీక్షలున్నవాళ్ళని ఆ నెల పిలవకండి.

భాష విషయానికొస్తే, ఇంగ్లీషు పేజీ పక్కన పెట్టుకుని వాక్యానికి వాక్యం దించొద్దు. 'అతనిచే రాక్షసుడు చంపబడ్డాడు' అని ఎవరు రాసినా, మొహమాటం లేకుండా 'అతను రాక్షసుణ్ణి చంపాడు' అని మార్చెయ్. జపనీసులోనూ మనలాగే క్రియ చివరనే వస్తుందట. మధ్యలో ఇంగ్లీషు దూరి రెండు భాషల నడకా పాడుచేస్తోంది. కథ చెప్పేటప్పుడు 'వస్తాడు, చూస్తాడు, పారిపోతాడు' అనండి, మనం సినిమా కథ చెప్పుకున్నట్టే. ఎవరు తీశారు, ఎప్పుడు ప్రసారమైంది అన్నవి జరిగిపోయిన సంగతులు, అవి జరిగినట్టే రాయాలి.

మర్యాద సంగతి మొదటి పేజీకి ముందే తేల్చుకోండి. ఇంగ్లీషులో స్కూలు పిల్లాడికీ ముసలి గురువుకీ ఒకటే మాట సరిపోతుంది. మనకి వాడు, అతను, ఆయన ఉన్నారు, క్రియ కూడా వెంట మారుతుంది. ఒక పేజీలో గురువు 'వచ్చారు', ఇంకో పేజీలో అదే గురువు 'వచ్చాడు' అని ఉంటే ఇద్దరు గురువులున్నారేమో అనుకుంటారు. నా మటుకు పాత్రలకి అతను, ఆమె చాలు. దర్శకుడు, రచయిత, గొంతు ఇచ్చినవాళ్ళు నిజం మనుషులు, వాళ్ళకి ఆయన, ఆవిడ అనండి. ఆడో మగో చివరిదాకా తెలియనివ్వని పాత్రలు కూడా ఉంటాయటగా. వాళ్ళకి మాత్రం పేరు పెట్టి 'వచ్చారు' అని రాయండి. కథలో దాచిన గుట్టు మీ క్రియ దగ్గర బయటపడకూడదు.

పేర్లకి ఒక జాబితా పెట్టుకోండి. యుకి వేరు, యూకి వేరు. ఇంగ్లీషులో అక్షరం మీద గీత పెట్టకపోతే ఆ తేడా పోతుంది, మనకి దీర్ఘం ఉంది కాబట్టి పోనక్కర్లేదు. ఇంటిపేరు ముందు రాయడం వాళ్ళకీ ఆచారమే, మనం తిరగెయ్యడం దేనికి?

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. తణుకు పిల్లాడు అభిమానులు గీసిన బొమ్మలు నెట్‌లోంచి దించుకుని, మూలనున్న పేరు కత్తిరించి నీటుగా పెడుతున్నాడని మీ నాన్న మెచ్చుకుంటూ చెప్పాడు. ఆపించు. ఇవాళే ఆపించు.

ఎందుకంటున్నానో విను. నేను పనిచేసే ప్రెస్సుకి ఒకసారి లంక ఊరి గ్రంథాలయం వాళ్ళ సావనీరు అచ్చుకి వచ్చింది. అప్పట్లో బొమ్మ అచ్చెయ్యాలంటే జింకు బ్లాకు చేయించాలి, సైజునిబట్టి డబ్బులు. ఆ ఊరి డ్రాయింగు మాస్టారు నల్ల ఇంకుతో బొమ్మలు వేసిచ్చారు. పంటు మీద గోదారి దాటుతున్న జనం, చెట్టు మీంచి కొబ్బరి గెల దింపుతున్న మనిషి, వరదొస్తే గట్టెక్కి నిలబడ్డ గేదెలు. గేదె వీపు మీద తడి కనిపించేది, అంత సన్నం ఆ గీత. కుడిపక్క అడుగున చిన్న పడవలా ఆయన సంతకం. పేజీ కాలమ్‌లో పట్టాలి, ఖర్చు కూడా కలిసొస్తుంది అని కమిటీవాళ్ళు ప్రతి బొమ్మకీ అడుగున అరంగుళం తీసేయించారు. సంతకాలన్నీ పోయాయి. పేరు వెనకపేజీలో వేద్దామన్నారు. ఆఖరి నిమిషంలో ఆ పేజీలోకి చందాలిచ్చినవాళ్ళ జాబితా వచ్చింది.

మాస్టారు ప్రెస్సుకొచ్చి కాపీ తీసుకున్నారు. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, అడుగున సంతకం ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టి చూసుకున్నారు. ఒక్క మాటా అనలేదు. మరుసటేడు బొమ్మలడగడానికి వెళితే, కుంచెలు పిల్లలకిచ్చేశానన్నారట. 1986 ఆగస్టు వరదకి వాళ్ళ పెంకుటిల్లు మునిగి అసలు బొమ్మలు కూడా పోయాయి. ఇప్పుడు మిగిలింది ఆ సావనీరులో ఉన్నవే. వాటి కింద ఆయన పేరు లేదు. మొన్న ఎవరో ఆ గేదెల బొమ్మని వాట్సాప్‌లో 'పాతకాలపు చిత్రం' అని పంపారు, చూసి అన్నం సయించలేదు.

మన నరసాపురంలో పుట్టిన బాపుగారి బొమ్మని గీత చూసే పోల్చేస్తాం. మిగతావాళ్ళకి పేరొక్కటే ఆధారం తల్లీ. జపాన్‌లో చాలామంది చిత్రకారులు 'ముదన్ తెన్సాయ్ కిన్షి' అని రాసి పెడతారని మీ అన్నయ్య చెప్పాడు, అడక్కుండా వేరేచోట పెట్టొద్దని. అడగండి. ఒప్పుకుంటే ఆ జవాబు దాచి, బొమ్మ కిందే పేరు వెయ్యండి. జవాబు రాకపోతే ఆ బొమ్మ వదిలెయ్యండి.

యానిమే సీరియల్లోంచి ఆపి తీసే ఫ్రేములు వేరే సంగతి. వాటి హక్కులు తీసినవాళ్ళవి. మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను విమర్శకీ సమీక్షకీ కొంత వెసులుబాటిచ్చింది, అంతేగాని పేజీ నింపుకోమని కాదు. ఆ సన్నివేశం గురించి రాసిన చోటే, చిన్న సైజులో, ఏ ఎపిసోడ్‌లోదో, హక్కు ఎవరిదో చెప్పి పెట్టండి. వికీపీడియావాళ్ళ ఉమ్మడి బొమ్మల కొట్టు వికీమీడియా కామన్స్‌లోకి మాత్రం ఎక్కించొద్దు, అక్కడ ఇలాంటివి ఒప్పుకోరు. సబ్‌టైటిల్ పడని క్షణం చూసి తీయమను ఆ తణుకు పిల్లాణ్ణి. జేపెగ్‌ని మరీ కుదిస్తే సన్నగీతల చుట్టూ మురికి చేరుతుంది, పీఎన్‌జీలో దాచుకోమను.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఈ తగాదాలన్నీ పడ్డాకే వాళ్ళు పద్ధతులు ఏర్పరచుకున్నారు, అవి చదువు. ఎవరి వాక్యం మార్చినా దిద్దుబాటు సారాంశంలో కారణం రాయి. రెండోసారి కూడా వాళ్ళు నీ మార్పుని వెనక్కి తిప్పితే నువ్వు మళ్ళీ తిప్పకు, చర్చా పేజీలో అడుగు. నీకు కోపం త్వరగా వస్తుంది, మీ నానమ్మ పోలిక. తప్పు దిద్దావని స్నేహితురాలు దూరమైతే నువ్వు తట్టుకోలేవు, నాకు తెలుసు.

మర్యాదలకీ పేర్లకీ మీరు అనుకున్న నియమాలు ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. ఎర్రసిరాతో దిద్ది పంపిస్తాను. ఆ తణుకు పిల్లాణ్ణి కోప్పడకు, వాడికెవరూ చెప్పి ఉండరు. నంబరు పంపించు, నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న